తెలుగులో యాస, వాడుక మాట, గుర్తింపు

ఒక మనిషి నోరు విప్పి రెండు మాటలు మాట్లాడితే చాలు, ఆయన ఏ సీమవాడో, ఎంత చదివాడో, ఎదుటివాడితో ఎంత చనువుందో వినేవాళ్ళకు సగం తెలిసిపోతుంది. మిగతా సగం వాళ్ళు ఊహించుకుంటారు. ఆ ఊహలోనే గౌరవమూ ఉంటుంది, చిన్నచూపూ ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. ఇంతమంది మాట్లాడే భాష ఊరికొక తీరుగా, ఈడుకొక తీరుగా ఉండటం సహజం. ఆ తీరుల్లో ఒకదాన్ని ‘భాష’ అనీ మిగిలినవాటిని ‘యాస’ అనీ విడదీయడం మాత్రం సమాజం చేసిన పని. గత నూట ఇరవై ఏళ్ళలో తెలుగునాట జరిగిన పెద్ద భాషా వివాదాలన్నీ ఈ విభజన చుట్టూనే నడిచాయి. ఒక వాడుక మాట పోరాడి గౌరవం సంపాదించుకున్న ప్రతిసారీ మరికొన్ని మాటలు గడప బయటే ఉండిపోవడం ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

పరిధి

ప్రాంతాన్ని బట్టి మారే మాటతీరును మాండలికం అంటారు. అందులో చెవికి ముందుగా తగిలే ఉచ్చారణ, సాగదీత, విరుపు యాస. ఒక వయసువాళ్ళో, ఒక జట్టువాళ్ళో తమలో తాము సరదాగా, బిగువు లేకుండా వాడుకునే కొత్త మాటలను తెలుగువాళ్ళు కూడా స్లాంగ్ అనే అంటున్నారు. మాండలికం తరాల తరబడి నిలుస్తుంది. స్లాంగ్ ఆయుష్షు చిన్నది. పదేళ్ళ క్రితం కాలేజీలో మోగిన మాట ఇవాళ వాడితే అన్నవాడి వయసు బయటపడుతుంది. చేనేత, వ్యవసాయం, చేపల వేట లాంటి పనుల్లో పుట్టిన వృత్తిపదాలు మూడో రకం. బయటివాళ్ళకు అర్థం కాకుండా కావాలని కల్పించుకున్న మర్మభాషలు నాలుగో రకం. నిజ జీవితంలో వీటి మధ్య గోడలుండవు. హైదరాబాదు కుర్రవాడి నోట ఒక్క వాక్యంలోనే మాండలికం, దక్కనీ ఉర్దూ, ఇంగ్లీషు, నిన్నటి సినిమా మాట కలిసి దొర్లిపోతాయి.

గ్రామ్యం నుంచి శిష్ట వ్యావహారికం దాకా

జనం మాటను కావ్యంలోకి తేవాలన్న పట్టుదల తెలుగులో పాతదే. వీరశైవ కవి పాల్కురికి సోమనాథుడు సంస్కృత పదాల బరువు తగ్గించి జాను తెనుగును ఎంచుకున్నాడు. తన మతాన్ని సామాన్యుల ఇళ్ళకు చేర్చడానికి ఆయనకు ఆ మాటే కావాలి. తాళ్ళపాక అన్నమాచార్యుడి (1408–1503) సంకీర్తనల్లో సీమ పలుకుబడులు, ఇంటి ఆడవాళ్ళ మాటలు, సామెతలు నిండుగా ఉన్నాయి. అయినా వ్యాకర్తలు ఆ మాటకు పెట్టిన పేరు ‘గ్రామ్యం’. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం పుస్తకాల భాష అయిన గ్రాంథికానికి గట్టి నియమాలు కట్టింది. ఆ తరవాత పాఠ్యపుస్తకాల భాషకూ బడిపిల్లల నోటి భాషకూ మధ్య దూరం బాగా పెరిగింది.

ఆ దూరాన్ని ముందుగా రంగస్థలం మీద చూపించినవాడు గురజాడ అప్పారావు. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో బాగా పెంచి తిరగరాసిన కన్యాశుల్కంలో ఏ పాత్ర మాట దానిదే. గిరీశం ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడి తన గొప్పను తానే కట్టుకుంటాడు. మధురవాణి మనిషిని బట్టి మాట మారుస్తుంది. అగ్రహారం బ్రాహ్మల మాట వేరు, బంట్రోతుల మాట వేరు. మాటతీరే మనిషి సామాజిక స్థానమని, దాన్ని అరువు తెచ్చుకోవచ్చనీ, నటించవచ్చనీ ఈ నాటకం చూపినంత స్పష్టంగా అప్పటికి మరే తెలుగు రచనా చూపలేదు.

పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) ఈ పనిని ఉద్యమంగా మార్చాడు. ఆయన అంతకు ముందే సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ తయారుచేసే పనిలో పడ్డ మనిషి. లిపి లేని అడవిబిడ్డల మాటలోనూ చక్కటి నియమాలుంటాయని స్వయంగా చూసినవాడికి, జనం మాట్లాడే తెలుగును తప్పుల కుప్ప అంటే ఒప్పుకోవడం సాధ్యం కాలేదు. పాఠశాలల తనిఖీ అధికారి జె. ఎ. యేట్స్, విశాఖపట్నంలో పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ఆలోచనకు తోడయ్యారు. జయంతి రామయ్య పంతులు నాయకత్వాన పండితులు గట్టిగా ఎదిరించారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం, గిడుగు 1919లో మొదలుపెట్టిన ‘తెలుగు’ పత్రిక ఆ పోరులో ముఖ్యమైన ఘట్టాలు. తాపీ ధర్మారావు ‘జనవాణి’ పత్రికను వాడుక భాషలో నడిపి, దినపత్రికకు ఈ మాట చాలునని రుజువు చేశాడు. గిడుగు పుట్టిన రోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

రాతకు ఒక రూపం, మాటకు మరో రూపం ఉన్న సమాజాలను అమెరికన్ భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. అరబిక్, గ్రీకు, స్విట్జర్లాండు జర్మన్, హైతీ క్రియోల్ ఆయన చూపిన ఉదాహరణలు. పొరుగున తమిళంలో ఆ రెండు రూపాలూ నేటికీ స్పష్టంగా విడిగా ఉన్నాయి. తెలుగు ఆ దూరాన్ని చాలావరకు చెరిపేసింది. ఇది చిన్న విజయం కాదు. అయితే గెలిచి గద్దెనెక్కింది జనం మాట అంతా కాదు. ఉద్యమకారులే దానికి ‘శిష్ట వ్యావహారికం’ అని పేరు పెట్టారు. చదువుకున్నవాళ్ళ మాట, అందులోనూ ఎక్కువగా కోస్తా జిల్లాల చదువరుల మాట, అచ్చులోనూ రేడియోలోనూ బడిలోనూ ప్రమాణమైంది. మిగిలిన ప్రాంతాలవాళ్ళకు గ్రాంథికం బదులు మరో ప్రమాణ భాష నేర్చుకోవలసిన అవసరం వచ్చింది.

నాలుగు మండలాలు

భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోట, నేతగాళ్ళ నోట పదాలు సేకరించి చేసిన పని అది. ఆ పదాల వ్యాప్తిని బట్టి తెలుగునేలను నాలుగు భాషా మండలాలుగా గుర్తించారు: శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పూర్వ మండలం, రాయలసీమ, నెల్లూరు వైపు దక్షిణ మండలం, తెలంగాణ ఉత్తర మండలం, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల మధ్య మండలం.

తేడాలు క్రియల్లో సులభంగా పట్టుబడతాయి. ‘వచ్చాడు’ అని కృష్ణా తీరంలో అంటే ‘వచ్చిండు’, ‘అచ్చిండు’ అని తెలంగాణలోనూ, ‘వచ్చినాడు’ అని రాయలసీమలోనూ వినిపిస్తుంది. ‘ఏమిటి’ అన్నది శ్రీకాకుళంలో ‘ఏటి’, తెలంగాణలో ‘ఏంది’. ‘అప్ప’ అంటే ఉత్తరాంధ్ర ఇళ్ళలో అక్క. అనంతపురం, కర్నూలు వైపు ‘ఏమప్పా’ అన్నది మగవాణ్ణి పలకరించే మాట. ఈ రూపాల్లో ఏదీ మరొకదానికి చెడిపోయిన నకలు కాదు. రాయలసీమ ‘వచ్చినాడు’ పాత గ్రాంథిక రూపానికి కోస్తా ‘వచ్చాడు’ కంటే దగ్గరగా ఉంది కూడా. పాతదనమే గౌరవానికి కొలమానమైతే సీమ మాట మొదటి వరుసలో ఉండాలి. అలా జరగలేదంటే కొలమానం వ్యాకరణంలో లేదన్నమాటే. డెల్టా కాలువల సాగు, మిగులు పంట, ముందుగా వచ్చిన బళ్ళు, అచ్చు యంత్రాలు, సినిమా పెట్టుబడి ఉన్నచోటి మాట ప్రమాణమైంది.

యాసకు పట్టిన అవమానం, యాస తెచ్చిన రాష్ట్రం

తెలంగాణ మాట రెండు దఫాలు అవమానం చూసింది. మొదటిది నిజాం పాలనలో. ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాదులో 1921లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి ఆపారు. ఆ రాత్రి తెలుగువాళ్ళు కూడి పెట్టుకున్న ఆంధ్ర జనసంఘమే తరవాత ఆంధ్ర మహాసభగా పెరిగింది. రెండోది 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక. పరిపాలన తెలుగులోకి మారే క్రమంలో పాఠ్యపుస్తకాలు, కొలువులు, తెర, పత్రిక అన్నీ కోస్తా మాటను మోసుకొచ్చాయి. ఉర్దూతో కలిసి శతాబ్దాలు బతికిన తెలంగాణ తెలుగులో దవాఖాన, సడక్, పరేషాన్, జల్ది ఇంటి మాటలు. అవే బడిలో తప్పులయ్యాయి. తన తల్లి మాట్లాడే మాటకు తరగతిలో నవ్వులు వినబడ్డ పిల్లవాడు నోరు మూసుకోవడం నేర్చుకుంటాడు. భాషావివక్షలో అన్నిటికంటే క్రూరమైన భాగం ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం. ఎందుకంటే ఆ నవ్వు తగిలేది పిల్లవాడికొక్కడికే కాదు, వాడి ఇంటికి.

సినిమా ఈ చిన్నచూపును ఊరూరికీ పంచింది. దశాబ్దాలపాటు నాయకుడు కృష్ణా, గోదావరి జిల్లాల తెలుగు మాట్లాడితే, తెలంగాణ యాస రౌడీకీ, హాస్యగాడికీ దక్కింది. రాయలసీమ యాస ముఠా నాయకుడి సొత్తయింది. ఉత్తరాంధ్ర యాసను పనిమనుషులకు, అమాయకులకు కేటాయించారు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన ‘మా భూమి’ లాంటివి అరుదైన మినహాయింపులు. సాహిత్యం మాత్రం ముందే మేలుకుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో, పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ కథల్లో తెలంగాణ మాట తలెత్తుకుని నడిచింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖ కోర్టు గుమ్మాల మాటను, సారా కొట్ల మాటను కథలకెక్కించాడు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మిట్టూరోడి కథలు’ చిత్తూరు పల్లె మాటకు తెలుగునాడంతా పాఠకులను సంపాదించి పెట్టాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు ముస్లిం ఇళ్ళ తెలుగును వినిపించాయి.

కాళోజీ నారాయణరావు (1914–2002) బడి పలుకుల కంటే పలుకుబడుల భాష మిన్న అని జీవితమంతా వాదించాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఆ వాదం వీధికెక్కింది. నీళ్ళు, నిధులు, నియామకాలతో పాటు యాస కూడా ఉద్యమ కారణమైంది. ధూంధాం అనే ఉద్యమ ఆటపాటల వేదికల మీద పాట, మాట, తిట్టు, నవ్వు అన్నీ ఆ యాసలోనే సాగాయి. గొంతు దాచుకోవడం మానిన ఒక తరం అక్కడ తయారైంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. కాళోజీ పుట్టిన రోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. హైదరాబాదు పేటల్లో ప్రభుత్వం తెరిచిన చిన్న వైద్యశాలలకు బస్తీ దవాఖానలని పేరు పెట్టడం ఈ మార్పుకు తేటతెల్లమైన గుర్తు. వి6 టీవీ తీన్మార్ వార్తలు యాసలో చదివిన వార్తకు ప్రేక్షకులు కరువు కారని చూపించాయి. ‘ఫిదా’ (2017)లో బాన్సువాడ అమ్మాయి కథానాయికగా ఆ యాస మాట్లాడింది. ‘బలగం’ (2023) ఊరి చావు ఇంటి చుట్టూ మొత్తం కథను ఆ మాటలోనే నడిపింది. అదే కాలంలో ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) విశాఖ మాటనూ, ‘పుష్ప’ (2021) చిత్తూరు మాటనూ ప్రధాన పాత్రల నోట పెట్టాయి.

అమెరికాలో భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ మార్తాస్ వినియార్డ్ అనే దీవిలో చేసి 1963లో ప్రచురించిన పరిశోధన ఈ పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. వేసవి విడిదికి వచ్చే డబ్బున్న నగరవాసుల తాకిడి పెరిగే కొద్దీ, దీవిని విడిచిపోకూడదనుకున్న స్థానికులు, ముఖ్యంగా చేపలవేట కుటుంబాలవాళ్ళు, కొన్ని అచ్చులను తమ పాత పద్ధతిలో మరింత గట్టిగా పలకసాగారు. తమకు తెలియకుండానే పలుకు ద్వారా ఈ నేల మాది అని చెప్పుకున్నారు. బయటి ఒత్తిడి యాసను అణచివేస్తుందనే అందరూ అనుకుంటారు. కొన్నిచోట్ల అదే ఒత్తిడి దాన్ని బిగుసుకునేలా చేస్తుంది. తెలంగాణలో బిగుసుకోవడం తెలిసే జరిగింది.

ఒక సంగతి మరచిపోకూడదు. తెరకెక్కిన తెలంగాణ మాట కూడా ఇప్పుడొక ప్రమాణంగా గట్టిపడుతోంది. ఆదిలాబాదు మాటకూ పాలమూరు మాటకూ మధ్య ఉన్న తేడా సినిమాలో కనిపించదు. గోండు, కోయ, లంబాడీ ఇళ్ళవాళ్ళకు ఈ యాస కూడా బయటి మాటే.

పిలుపుల్లో దాగిన కొలతలు

తెలుగులో చనువునూ గౌరవాన్నీ కొలిచే పనిముట్లు చాలా సూక్ష్మం. రాంబాబుగారు, రాంబాబు, రాంబాబుగాడు: పేరు చివర తోక మారితే సంబంధం మారిపోతుంది. ‘గాడు’ బాల్య స్నేహితుడి నోట ముద్దు, పై అధికారి నోట అవమానం. ఒరేయ్, ఏమే, వసేవ్ లాంటివీ అంతే. ఎవరు ఎవర్ని ఏ స్వరంతో అన్నారన్నది తెలియకుండా వాటి అర్థం చెప్పలేం. పరిశోధకులు రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో యూరపు భాషల ‘నువ్వు, మీరు’ల గురించి రాస్తూ, ఇద్దరూ ఒకే రూపం వాడుకుంటే సాన్నిహిత్యమనీ, ఒకరు ఒకటి మరొకరు ఇంకొకటి వాడితే అధికారమనీ విడదీశారు. తెలుగు పల్లెకు ఈ విభజన బాగా వర్తిస్తుంది. భూస్వామి పాలేరును ‘ఒరే’ అంటాడు, పాలేరు భూస్వామిని ‘దొరా’, ‘అయ్యగారూ’ అంటాడు. దళిత పెద్దమనిషిని పై కులం పిల్లవాడు ఏకవచనంతో పిలవడం ఊళ్ళో పుట్టి పెరిగిన ఎందరో చూసిన సంగతి.

ప్రాంతాల మధ్య అపార్థాలకు ‘నువ్వు’ పెద్ద మూలం. గోదావరి జిల్లాల్లో వాక్యానికొక ‘అండీ’ తగిలించడం, ‘ఆయ్’ అని వినయంగా బదులివ్వడం అలవాటు. తెలంగాణ, సీమ పల్లెల్లో తండ్రినీ, మేనమామనూ, ఊరి పెద్దనూ ‘నువ్వు’ అనడంలో అమర్యాద లేదు. గౌరవం ‘అన్న’, ‘అక్క’, ‘నాయిన’, ‘పెద్దనాయిన’ అన్న వరసలో ఉంటుంది. ఇది తెలియని కోస్తావాడికి తెలంగాణవాడు మొరటుగా కనిపిస్తాడు. అటువాడికి ఇతని ‘అండీ’ దూరం పెట్టినట్టు వినిపిస్తుంది. ఇద్దరూ మర్యాదగానే ఉంటారు, ఇద్దరికీ నొప్పి మిగులుతుంది.

స్నేహితుల పిలుపుల్లో తెలుగువాళ్ళ మేనరికపు వ్యవస్థ తొంగిచూస్తుంది. బావామరదుల మధ్య ఎగతాళికి హద్దు లేదు, కోపానికి తావు లేదు. అందుకే రక్తసంబంధం లేని స్నేహితుడు ‘బావా’, ‘మామా’ అవుతాడు. ఆ పిలుపుతో పాటు ఏడిపించే హక్కు కూడా వస్తుంది. హైదరాబాదులో ‘కాకా’, ‘భాయ్’, తమిళ, కన్నడ సరిహద్దుల్లో ‘మచ్చా’, పాత తరంలో ‘గురూ’, ఇప్పుడు అన్నిచోట్లా ‘బ్రో’. రాజకీయాలు ఈ చనువును బాగా వాడుకున్నాయి. 1982లో తెలుగుదేశం పెట్టిన ఎన్.టి.రామారావు సభల్లో స్త్రీలను ఆడపడుచులని పిలిచారు, జనం ఆయన్ని అన్నగారన్నారు. నాయకుడికీ ఓటరుకూ మధ్య వరస కలపడం ఆ తరవాత పార్టీలన్నీ అనుసరించిన బాట.

కుర్రకారు మాట పుట్టే తీరు

స్లాంగ్‌లో వ్యాకరణం లేదనుకునేవారు తెలుగు కుర్రకారు ‘కొట్టు’ అనే క్రియతో ఏం చేస్తున్నారో గమనించాలి. బంకు కొట్టడం, డుమ్మా కొట్టడం, సైటు కొట్టడం, బోరు కొట్టడం, డప్పు కొట్టడం, మస్కా కొట్టడం, సోది కొట్టడం. ముందు ఏ భాష నామవాచకమైనా పెట్టి, వెనక ఈ క్రియ తగిలిస్తే తెలుగు మాట తయారు. ‘ఇవ్వు’ కూడా అంతే: బిల్డప్ ఇవ్వడం, కలరింగ్ ఇవ్వడం, ఝలక్ ఇవ్వడం. ‘అవ్వు’ తగిలిస్తే ఫీలవ్వడం, ఫిక్సవ్వడం. కాఫీ గీఫీ, పని గిని అంటూ మాటకు ప్రతిధ్వని చేర్చి ‘అలాంటివేవైనా’ అన్న అర్థం రాబట్టడం బడిలో ఎవరూ నేర్పరు, తెలుగు పిల్లలందరికీ వచ్చు. అరువు మాటను సొంత నియమాలతో లొంగదీసుకునే ఈ శక్తి చూసినప్పుడు, యువకులు తెలుగును పాడుచేస్తున్నారన్న దిగులు నిలబడదు. అయితే నామవాచకాలన్నీ అరువే అవుతున్నాయన్న మాట కూడా కాదనలేం.

అర్థాలు జారడం మరో దారి. ‘కేక’ అంటే అరుపు. కుర్రకారు నోట అది మెచ్చుకోలు. ‘తోపు’ అంటే మొనగాడు. ‘లైట్ తీసుకో’ అంటే పట్టించుకోకు అని. ‘నువ్వేమన్నా తురుంఖాన్‌వా’ అని హైదరాబాదీలు ఎదుటివాడి గొప్పను కోసేస్తారు. 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్ పేరే ఇలా మారిందని నగరంలో చెప్పుకుంటారు.

సినిమా అతి పెద్ద మాటల కర్మాగారం. ‘పాతాళభైరవి’ (1951) తరవాత ‘డింభకా’ ఇంటింటి పిలుపైంది. ‘మాయాబజార్’ (1957)లో పింగళి నాగేంద్రరావు రాక్షసుల కోసం అసమదీయులు, తసమదీయులు, వీరతాడు లాంటి మాటలు పుట్టించాడు. ఆరు దశాబ్దాలు దాటినా సంపాదకీయాల్లో ఇప్పటికీ అసమదీయులు దర్శనమిస్తారు. జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ (1982) ‘సుత్తి’ని విసుగు పుట్టించే మాటగా ప్రచారంలోకి తెచ్చింది. ఆ సినిమాతో ఇద్దరు నటులు సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు అయిపోయారు. మాట నిలవడానికీ రాలిపోవడానికీ తేడా అవసరంలో ఉంది. విసిగించే ఉపన్యాసానికి చిన్నగా, పదునుగా ఒక పేరు కావలసి వచ్చింది, సుత్తి అందుకు సరిపోయింది. హాలు కూడా గుర్తింపులు పంచింది. నేల టిక్కెట్టు, బాల్కనీ అన్న సీట్ల తేడాతో పాటు మాస్, క్లాస్ అన్న మాటలు ప్రేక్షకుల రెండు జాతుల పేర్లలా స్థిరపడ్డాయి. ‘మాస్’ అని చెప్పుకోవడంలో ఇప్పుడు గర్వముంది.

ఫోన్లలో ఈ మాటంతా ఎక్కువగా రోమన్ లిపిలో నడుస్తోంది. అక్షరదోషం అన్న భావన అక్కడ దాదాపు లేదు. ఎవరి నోరు పలికినట్టు వాళ్ళు కొడతారు కాబట్టి, అచ్చు పుస్తకం దాచేసిన యాస చిన్న సందేశంలో బయటపడుతుంది.

లోపలివాళ్ళ భాషలు

పశువుల సంతలో బేరగాళ్ళు తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి మాట వినబడదు. పిల్లల ‘క’ భాషలో ప్రతి అక్షరం ముందూ ‘క’ చేరుతుంది: ‘రాము’ ‘కరాకము’ అవుతాడు. పెద్దవాళ్ళకు తెలియకుండా మాట్లాడుకున్నామన్న ఆనందం దాని అసలు ప్రయోజనం. ఫ్రాన్సులో నగర శివార్ల యువకులు అక్షరాలు తిరగేసి మాట్లాడే వెర్లాన్ పద్ధతి దీనికి చుట్టమే. హిజ్రాలు తమలో తాము వాడుకునే మాటలు దాపరికానికే కాదు, ప్రాణరక్షణకూ పనికొచ్చాయి. భాషాశాస్త్రవేత్త మైకేల్ హాలిడే 1976లో ఇలాంటివాటిని ప్రతిభాషలని వర్ణించాడు. సమాజం వెలివేసినవాళ్ళు తమ లోకానికి తామే పేర్లు పెట్టుకుంటారని ఆయన వాదన. నెలసరి గురించి ‘బయట చేరింది’, ‘దూరంగా ఉంది’ అన్న ఆడవాళ్ళ మాటల్లో మరుగూ ఉంది, అంటు భారమూ ఉంది.

తిట్టు, కులం, చట్టం

వాడుక మాటను మెచ్చుకునేవారు దాని చీకటి భాగాన్ని దాటవేయకూడదు. తెలుగు తిట్లలో ఎక్కువ భాగం ఆడవాళ్ళ శీలం మీద, వైధవ్యం మీద, కులం మీద, అంగవైకల్యం మీద కట్టినవే. సామెతల్లోనూ కులనింద పుష్కలం. సరదాగా అన్నాననేవాడికి ఆ సరదా ఎవరి మీద నిలబడిందో పట్టదు. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణతో నలుగురి కంటబడే చోట కులం పేరుతో దూషించడం విడిగా నేరమైంది.

నిందను జెండాగా మార్చుకున్న ఉదాహరణ కూడా ఇక్కడిదే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఉద్యమం దండోరాగా పేరుపొందింది. తరతరాలుగా తిట్టుగా విసిరిన కులం పేరును మంద కృష్ణ మాదిగతో మొదలై వేలమంది తమ పేరు చివర సగర్వంగా చేర్చుకున్నారు. చాటింపు డప్పు ఉద్యమం పేరైంది. అదే పదం అదే ఊళ్ళో ఒకరి నోట నేరం, మరొకరి నోట ఆత్మగౌరవం. అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నను పక్కనపెట్టి మాట మంచిచెడ్డలు తేల్చలేమనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఎల్లలు దాటిన ఇంటిమాట

వలస వెళ్ళిన కుటుంబంలో ముందుగా రాలిపోయేది రాత, చివరిదాకా మిగిలేది వంటింటి మాట. అమెరికాలో పుట్టిన పిల్లలకు తినడం, పడుకోవడం, కోప్పడటం తెలుగులో వస్తాయి, వార్త చదవడం రాదు. అందువల్ల వాళ్ళు తాతగారిని కూడా ‘నువ్వు’ అంటారు. అమ్మ తమతో మాట్లాడిన రూపమే వాళ్ళు విన్నది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి తరగతులు రాతను తిరిగి కలపడానికి ప్రయత్నిస్తున్నాయి. మారిషస్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. 19వ శతాబ్దిలో చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువాళ్ళ వంశీకుల ఇంటి మాట ఇప్పుడు ఎక్కువగా క్రియోల్. తెలుగు గుడిలో, భజనలో, పండగలో నిలిచింది.

తమిళనాడులో శతాబ్దాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాల సంగతి వేరు. హోసూరు, కృష్ణగిరి వైపు నుంచి దక్షిణాన మదురై దాకా ఎన్నో ఇళ్ళలో తెలుగు మాట ఉంది, చాలావాటిలో లిపి లేదు. గిడుగు నడిపిన ఉద్యమం, శిష్ట వ్యావహారికం, తెలుగు సినిమా ప్రమాణం ఏవీ ఆ మాటను పెద్దగా తాకలేదు. అందుకే మనం మరచిన పాత రూపాలు అక్కడ వాడుకలో ఉన్నాయి. పులికాట్ సరస్సును స్థానికులు ప్రళయకావేరి అంటారు. ఆ దీవుల తెలుగులో స. వెం. రమేశ్ రాసిన ‘ప్రళయకావేరి కథలు’ చదివిన ఆంధ్ర, తెలంగాణ పాఠకులకు అంతవరకు వినని తెలుగు వినబడింది. 2006లో తమిళనాడు చేసిన చట్టం పాఠశాలల్లో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలున్న సరిహద్దు ఊళ్ళలో దానిమీద ఆందోళనలు జరిగాయి, కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. బడితో పనిలేకుండా ఇన్ని తరాలు నడిచిన ఆ ఇళ్ళ తెలుగు, పెళ్ళి సంబంధాలూ పండగలూ పంట పనులూ తెలుగులో సాగుతున్నంత మేర పిల్లలకు అందుతూనే ఉంది.